దాలాన్‌లో అమ్మీ

అమ్మీ ఇంతెకాల్ అయ్యి నాలుగు నెలలు. ఇంటి మరమ్మతు కోసమని, ఆర్కిటెక్ట్ అయిన మా భాంజా ఆమె ఉన్నప్పుడే లేజర్ స్కానర్ తెచ్చి ఇల్లంతా కొలిచాడు. గోడకి తగిలి తిరిగొచ్చిన ప్రతి కిరణమూ ఒక చుక్క. అట్లాంటివి కోట్లు. మొన్న వాటిని రీక్యాప్‌లో కలిపి, ఆర్‌సీపీ ఫైల్ చేసి, రెవిట్‌లోకి తెచ్చాడు.

ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి, చుక్క అనగానే నుక్తా గుర్తొస్తుంది నాకు. పైనున్న నుక్తా కిందికి దిగితే ఖుదా కాస్తా జుదా అయిపోతుంది.

"ఇవి గోడ కాదు మామూ, వీటి మీద గోడ మనమే గీయాలి" అన్నాడు. అక్కడే ముసీబత్. రెవిట్‌లో మామూలుగా గీస్తే గోడ తిన్నగా వస్తుంది. దాదా కట్టించిన దీవార్ పక్కకి ఒరిగింది. ఖురాన్ షరీఫ్ పెట్టే తాఖ్ రెండు వైపులా ఒక్క కొలత కాదు. అల్మారా వెనక్కి లేజర్ పోలేదు, అక్కడ నల్లటి ఖాళీ.

దాలాన్‌లో తఖ్త్ మీద మాత్రం ఓ మసక ఆకారం. ఆ రోజు లేవమంటే అమ్మీ లేవలేదు. "తస్బీ పూర్తి కానీ బేటా, నీ మిషన్‌కేం జల్దీ" అంది. తల కదిలిందేమో, మొహం దగ్గర చుక్కలు చెదిరాయి. చేయి సాఫ్‌గా ఉంది.

"మనుషులు పడితే నాయిస్ అని తీసేస్తాం మామూ" అని, చుట్టూ గీత గీసి, నా వైపు చూశాడు.

నాకు మాట రాలేదు.

వాడే రీక్యాప్‌లోకి వెనక్కి పోయి, ఆ చుక్కల్ని వేరే రీజియన్ చేసి 'నానీ' అని పేరు పెట్టాడు. రెవిట్‌లో దాన్ని కావాలంటే చూడొచ్చు, వద్దంటే దాచొచ్చట. మేస్త్రీకిచ్చే ప్రింట్‌లో దాచాం.