యీతింగ్ గది, రావికమతం పెనం

చైనా పల్లెలో బతికొచ్చిన మనవాడొకడు రావికమతంలో ఉన్నాడట, వెళ్లి మాట్లాడి రమ్మని సంపాదకుడి ఫోను. పాములూ కప్పలూ తినాల్సొచ్చిందా అన్నది తప్పకుండా అడగమన్నాడు. అక్కడే నాకు చిర్రెత్తింది. చోడవరం దాటాక బీఎన్ రోడ్డు గోతులు మిగతా పని కానిచ్చాయి. తీరా వెళితే ఇంట్లో మనిషి లేడు. గానుగ కాడున్నాడని వాళ్లమ్మ చెయ్యెత్తి పొలాల వైపు చూపించింది.

సంక్రాంతి ముందు రోజులు. రేకుల పాకలో క్రషర్ రొద, పిప్పి పొగ, పచ్చి రసం వాసన. పెనం ముందు అరవై దాటిన పెద్దాయన నిలబడి తెట్టు తీస్తున్నాడు. ముంజేతుల మీద పాకం చిట్లి పడ్డ మచ్చలు, మానిన చోటల్లా చర్మం నున్నగా మెరుస్తోంది. బుడగల చప్పుడు మారిందో లేదో, పొయ్యిలోకి పిప్పి తోసే కుర్రాడికి వెనక్కి తిరక్కుండానే చేత్తో సైగ చేశాడు. గిన్నెలో చన్నీళ్లు పెట్టించి రెండు చుక్కల పాకం విదిల్చి, వేళ్ల మధ్య నలిపి, ఉండ కట్టేదాకా మళ్లీ మళ్లీ చూశాడు. పాకం దించే వేడి 118 డిగ్రీలని పుస్తకాల లెక్క. అనకాపల్లిలో చెరకు పరిశోధన 1913 నుంచీ సాగుతోంది. ఈయన వేళ్లకు ఆ లెక్కతో పనిలేదు. తొందరపడితే దిమ్మ కట్టదు, ఆలస్యమైతే మాడు వాసన. టన్ను చెరుక్కి వంద కిలోల బెల్లం దిగితే మంచి పంట కిందే లెక్క.

నేను వెతుక్కుంటూ వచ్చినవాడు బయట పిప్పి ఎండబోస్తున్నాడు. "అక్కడా ఇదే వాసనండీ, అందుకే ఉండగలిగాను" అంటూ మొదలెట్టాడు.

జెజియాంగ్ ప్రావిన్స్‌లోని యీవూలో, ఒక విశాఖ హోల్‌సేల్ వ్యాపారి తరఫున సరుకు చూసి పెట్టెలు కట్టించే పని. అద్దె కలిసొస్తుందని ఊరవతల యీతింగ్ అనే చిన్న పట్నంలో గది తీసుకున్నాడు. దిగిన 24 గంటల్లో పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలి. ఇంటావిడ మాట్లాడేది ఆ ప్రాంతపు మాట. ఫోన్లో అనువాదం పెడితే అదీ నోరెళ్లబెట్టేది. "పనికొచ్చిన వేరే రాష్ట్రాల చైనావాళ్లకే అర్థమయ్యేది కాదండీ. అది చూశాక నాకు ధైర్యమొచ్చింది" అని నవ్వాడు. పెరుగు లేదు, చింతపండు లేదు. వాట్సాప్ పనిచెయ్యదు కాబట్టి సెలవులకొచ్చినప్పుడు వాళ్లమ్మ ఫోన్లో వీచాట్ వేసి నేర్పించాడు. 2020 సంక్రాంతికి ఇంటికొచ్చాడు. మార్చి చివర చైనా విదేశీయులకు తలుపులు మూసింది. జూన్‌లో మనవాళ్లు నిషేధించిన 59 యాప్‌లలో వీచాట్ కూడా పోయింది. ఇంటావిడతో మాట్లాడే దారీ దాంతోనే తెగింది. బట్టలు, కుక్కరు ఆ గదిలోనే ఉండిపోయాయి.

పాముల సంగతి నేను అడగలేదు.

యీతింగ్‌లో చలికాలం మొదలవగానే చెరకు ఆడతారట. ఒకే పొయ్యి మీద వరసగా పెనాలు, రసం ఒకదాన్లోంచి మరోదాన్లోకి గరిటెలతో తోడుకుంటూ పోతారు. పూర్వం ఆ బెల్లంతో చేసిన మిఠాయి కావిళ్లలో వేసుకుని, గిలక డోలు వాయిస్తూ ఊరూరా తిరిగి కోడి ఈకలకు మార్చుకునేవారు, మన దగ్గర పాత ఇనుముకి ఉల్లిపాయలిచ్చినట్టు. ఆ చిల్లర బేరగాళ్ల పట్టుదలకే 1982లో యీవూ బజారు తెరుచుకుంది. మన తిరునాళ్లలో బొమ్మలూ జడపిన్నులూ ఎన్నో అక్కణ్ణుంచి వచ్చినవే. 2014లో ఆ బెల్లం వంటని చైనా జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. పట్నం కుటుంబాలు పిల్లల్ని వెంటేసుకుని వచ్చి, పెనం పక్కనే నిలబడి వేడి బెల్లం కొనుక్కుపోతాయట.

పెద్దాయన ఇదంతా వింటూనే ఉన్నట్టున్నాడు. తెడ్డు ఆపకుండా, ఎవరితోనో కాదన్నట్టు గొణిగాడు. "నల్లగుంటే సారా బెల్లమంటారు. తెల్లగుంటే మందేసినావంటారు. ఏటి సెయ్యమంటారు?"

నిజమే కదా. కొనేవాడికి బంగారు రంగు కావాలి, అందుకోసం కొందరు పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. కలపనివాడి దిమ్మ ముదురు రంగుకి తిరిగి ధర తగ్గుతుంది. రంగు చూసి ధర కట్టే మనమే కల్తీ కల్తీ అని గోలపెడతాం. వారసత్వ జాబితాల మీద నాకు మోజేమీ లేదు, సగం అవి ఫొటోలకే. కానీ యీతింగ్‌లో వండేవాణ్ణి కొనేవాడు కళ్లారా చూస్తాడు. ఇక్కడ అనకాపల్లి బెల్లమని దేశమంతా పేరుంది గానీ, దిమ్మ యార్డుకి చేరేసరికి పెనం ముందు కాలిన చేతుల ఊసుండదు. పెద్దాయనకు కూలి పెనానికింత. సీజన్ అయిపోతే అదీ లేదు. కొడుకు పరవాడ మందుల ఫ్యాక్టరీలో చేరాడు, తప్పంటానికి నాకు నోరెలా వస్తుంది?

మనమూ జనాన్ని రప్పిద్దాం, ఇక్కడే వేడిగా అమ్ముదాం అని చైనా నుంచొచ్చిన కుర్రాడు ఉత్సాహపడ్డాడు. "సూసీవోలకేం, శానామందొత్తారు. తెడ్డట్టుకునీవోడేడి?" అన్నాడు పెద్దాయన.

2025 అక్టోబరులో చైనాకి నేరు విమానాలు మళ్లీ మొదలయ్యాక పాత యజమాని కబురు పెట్టాడట. గానుగ సీజన్ అయ్యాక చూస్తానని ఈ కుర్రాడి జవాబు. పెద్దాయన మాత్రం వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పిప్పి ఇంకా పచ్చిగా ఉంది, తిరగెయ్యమన్నాడు.