మిన్నెసోటా అటకలు

జనవరి నెలలో మిన్నియాపోలిస్ వీధుల్లో నడుస్తుంటే ఏ ఇంటి అటక బాగుందో రోడ్డు మీదనుంచే చెప్పవచ్చును. కొన్ని ఇళ్ళ కప్పు మీద మంచు పడింది పడినట్లే దుప్పటిలా ఉంటుంది. పక్కింటి కప్పు సగం నల్లగా బయటపడి, చూరు పొడుగునా మర్రి ఊడల్లాగా మంచు కడ్డీలు వేలాడుతుంటాయి. ఇండియానుంచి వచ్చిన మన చుట్టాలు ఆ రెండో ఇంటి ముందే ఫొటో తీయించుకుంటారు. చూడముచ్చటగా ఉండేది అదే మరి!

అక్కడ మంచు కరిగింది చాలావరకు ఎండకు కాదు, ఇంట్లోని వేడికి. గదుల్లోని వేడి అటకలోకి ఎక్కి కప్పును వెచ్చజేస్తుంది. కరిగిన నీరు జారి, చల్లగా ఉండే చూరు దగ్గరకు రాగానే మళ్ళీ గడ్డకట్టి ఆనకట్ట కడుతుంది. ఇక్కడివారు ఐస్ డామ్ అనేది దీనినే. దాని వెనుక నిలిచిన నీరు షింగిల్స్ కిందకు దూరి గోడల్లోకి దిగుతుంది.

మన ఊళ్ళలో అటక అంటే ఆవకాయ జాడీలు, ఇత్తడి గంగాళాలు దాచుకునే చోటు. పైన పెంకుల సందుల్లోంచి గాలి దానంతట అదే ఆడేది. ఇక్కడ ఆ దారి మనిషి చేసి పెట్టవలసిందే. చూరు అడుగున సాఫిట్ వెంట్ల గుండా చల్లగాలి వచ్చి, కప్పు కొనన ఉన్న రిడ్జ్ వెంట్ గుండా బయటకు పోవాలి.

మేము సెయింట్ పాల్‌లో పాత ఇల్లు కొన్న తరువాతి ఫిబ్రవరిలో, చలి కాస్త తగ్గిన ఒక రోజున పడకగది సీలింగు మీద గోధుమరంగు మరక కనిపించింది. వాన లేదు, కొత్తగా మంచూ కురవలేదు. నిచ్చెన వేసి ఎక్కి చూద్దుము గదా, కప్పు పలకల అడుగునా, మేకుల మొనలకూ పంచదార అద్దినట్లు మంచు! బాత్‌రూం ఫ్యాను గొట్టం కప్పు దాటకుండా అటక మధ్యనే ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఎవరు చేశారో గాని, ఇన్సులేషన్ చూరుదాకా కూరి సాఫిట్ వెంట్లన్నీ మూసేశారు. ఉత్తరపు వైపు పలకలకు నల్లని బూజు. ఆ గదిలో పడుకునే మామగారికి ఉబ్బసం. ఆ రాత్రే ఆయన మంచం హాలులోకి మార్చాము.

మొదట వచ్చిన కంట్రాక్టరు అటక ఎక్కకుండానే కప్పంతా మార్చాలని చెప్పి వెళ్ళాడు. రెండో ఆయన మోకాళ్ళ మీద పాకి అంతా చూసి, ముందు సీలింగులోని కన్నాలు మూయాలన్నాడు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఎక్స్‌టెన్షన్ వారి సలహా కూడా ఇదే: ముందు లైట్లచుట్టూ, గొట్టాలచుట్టూ, అటక తలుపుచుట్టూ సందులు మూయడం, తరువాత ఇన్సులేషన్, ఆ తరువాతే వెంట్లు. సందులు వదిలేసి వెంట్లు మాత్రం పెంచితే ఇంట్లోని వెచ్చటి గాలిని ఇంకా పైకి లాగుతాయి. కరెంటు ఫ్యాను పెట్టిస్తే చెప్పనే అక్కరలేదు. హ్యూస్టన్ మిత్రులకూ ఈ మాట వర్తిస్తుంది, అక్కడ పోయేది ఏ.సి. గాలి.

1942లో ఎఫ్.హెచ్.ఏ. వారి నిబంధనల్లో వచ్చిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది: 300 చదరపు అడుగుల అటకకు 1 చదరపు అడుగు తెరపు. 1,200 అడుగులైతే 4 అడుగులు, సుమారు సగం కింద, సగం పైన. కొన్ని షరతులు కుదరనిచోట దీనికి రెట్టింపు కావాలి. జాలీ కొంత దారి మింగేస్తుంది గనుక వెంటు మీద అచ్చువేసిన అంకెనే లెక్కకు తీసుకోవాలి. ఇన్సులేషన్‌కూ కప్పు పలకకూ మధ్య కనీసం 1 అంగుళం సందు ఉండేలా చూరుల దగ్గర బాఫిల్స్ పెట్టిస్తారు. స్ప్రే ఫోముతో పూర్తిగా మూసిన అటకల పద్ధతి వేరు.

మన వంటిళ్ళ సంగతి కూడా కంట్రాక్టర్లకు మనమే చెప్పాలి. ఇడ్లీ ఆవిరి, కుక్కరు కూతలు, పెద్దవాళ్ళ రెండుపూటల స్నానాలు, చలికాలం ఇంట్లోనే ఆరేసే చీరెలు, ఈ తేమంతా పైకే చేరుతుంది. పొయ్యి మీది హుడ్ చాలా ఇళ్ళలో గాలిని బయటకు పంపదు, వడగట్టి మళ్ళీ మన మొహానే వదులుతుంది. చెయ్యి అడ్డుపెట్టి చూస్తే తెలిసిపోతుంది.

పాత ఇల్లు కొనేవారు అటకలో బూడిద, బంగారు రంగు కలిసిన రాతిరవ్వలాంటి ఇన్సులేషన్ కనిపిస్తే కదపకండి. అది వెర్మిక్యులైట్. అందులో చాలా భాగం 1990లో మూతపడిన మోంటానాలోని లిబ్బీ గనినుంచి వచ్చినది, ఆస్‌బెస్టాస్ కలిసి ఉండవచ్చు. లేకపోతే మాత్రం పగటిపూట ఎక్కి, తలుపు మూసి, లైటు ఆర్పండి. చూరుల వెంట సన్నగా వెలుతురు కనిపిస్తే గాలికి దారి ఉన్నట్లే.