మూడు గజాల ఆట

అమెరికా వచ్చిన మొదటి ఎనిమిదేళ్ళూ నేను వీళ్ళ ఫుట్‌బాల్ జోలికి పోలేదు. చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటకి ఫుట్‌బాల్ అని పేరేంటి, ఐదు సెకన్లు ఆడి అరనిమిషం నిలబడడమేంటి అని వెటకారం చేస్తూ గడిపేశాను. సోమవారం పొద్దున్న ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర చర్చ మొదలైతే నాలుగుసార్లు తల ఊపి వచ్చేసేవాణ్ణి. మనలో చాలామంది కథ ఇదేననుకుంటా.

2013 నవంబర్ 7, గురువారం. మా టీమ్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు. ఒహాయో మనిషి, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నాడు. వాళ్ళబ్బాయికి జ్వరమొచ్చి టికెట్ మిగిలిపోయిందని నన్ను లాక్కుపోయాడు. సన్నీవేల్ నుంచి స్టాన్‌ఫర్డ్ స్టేడియం పెద్ద దూరం కాదు గానీ, ఆ సాయంత్రం ఎల్ కమినో మీద ట్రాఫిక్ చూశాక ఇంటికెళ్ళి పడుకుంటే బాగుండేదనిపించింది.

స్టాన్‌ఫర్డ్‌కీ ఆరెగాన్‌కీ ఆట. ఆరెగాన్ వాళ్ళకి ఆ ఏడాది అప్పటిదాకా ఓటమి లేదు, ఆటకి సగటున 50 పాయింట్ల పైనే కొడుతున్నారు. మెరుపులాంటి కుర్రాళ్ళు. ఒక ఆట ముగిసీ ముగియకముందే ఇంకోటి మొదలెడతారు, ఎదుటివాళ్ళకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వరు. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ మరియోటా ఆ మరుసటి ఏడాది దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడిగా హైస్మన్ ట్రోఫీ కూడా అందుకున్నాడు. నేను వాళ్ళనే చూద్దామని కూర్చున్నాను.

చూడ్డానికేం లేదు. బంతి ఎప్పుడు చూసినా స్టాన్‌ఫర్డ్ దగ్గరే ఉంది. వాళ్ళు దాన్ని టైలర్ గాఫ్నీ అనే కుర్రాడి చేతిలో పెట్టడం, అతను మనుషుల గుంపులోకి దూరి మూడు గజాలు ముందుకెళ్ళి పడిపోవడం. లేచాక మళ్ళీ అదే. నాకు ఆవులింతలొచ్చాయి. "ఇదేం ఆటండీ బాబూ" అన్నాను. పెద్దాయన నవ్వి, "నువ్వు బంతి చూస్తున్నావు. బంతి వదిలెయ్. ఆ ముందున్న ఐదుగురిని చూడు" అన్నాడు.

ఆ ఐదుగుర్నీ లైన్‌మెన్ అంటారు. మధ్యలో సెంటర్, అటూ ఇటూ గార్డులు, వాళ్ళ పక్కన టాకిల్స్. ఒక్కోడూ 300 పౌండ్ల మనిషి. బంతి పట్టుకుని పరిగెత్తరు, పాయింట్లు కొట్టరు, ఏదైనా తప్పు చేస్తే తప్ప మైకులో వాళ్ళ నంబరు వినబడదు. వీళ్ళతో ఆడే 'పవర్' అనే ఎత్తు పెద్దాయన నాకు ఒక నాప్కిన్ మీద గీసి చూపించాడు. కుడివైపు పోవాలనుకుందాం. కుడివైపున్న లైన్‌మెన్ ఎదురున్నవాళ్ళని లోపలికి నొక్కేస్తారు. ఫుల్‌బ్యాక్ అనేవాడు వెళ్ళి చివర ఉన్న డిఫెండర్‌ని బయటికి తోసేస్తాడు. ఇప్పుడు మధ్యలో సందు పడింది కదా, ఎడమ గార్డు తన చోటు వదిలేసి, లైన్ వెనకాల నుంచి చుట్టూ పరిగెత్తుకొచ్చి ఆ సందులో దూరి, అక్కడ కాచుక్కూర్చున్న లైన్‌బ్యాకర్‌ని గుద్దుతాడు. బంతి పట్టుకున్నవాడు ఆ గార్డు నీడలో నడవడమే. దీంట్లో రహస్యమంటూ ఏమీ లేదు. ఇదే వస్తోందని ఎదుటివాళ్ళకి ముందే తెలుసు, స్టేడియంలో ఉన్న అందరికీ తెలుసు. అయినా ఆపలేకపోవడమే అందులో ఉన్న సంగతి.

నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలిస్తారు. మూడేసి గజాల చొప్పున మూడుసార్లు పోతే తొమ్మిది, మిగిలిన ఒక్క గజం కోసం మళ్ళీ గుద్దుకోవడం. గడియారం మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. అరవై నిమిషాల ఆటలో స్టాన్‌ఫర్డ్ దగ్గర బంతి 42 నిమిషాల 34 సెకన్లు ఉంది. గాఫ్నీ 45 సార్లు దూరి 157 గజాలు సంపాదించాడు. లెక్కేసుకోండి, సగటున మూడున్నర గజాలు! అంత వేగమున్న ఆరెగాన్ కుర్రాళ్ళు బెంచీ మీద కూర్చుని గోళ్ళు కొరుక్కున్నారు. మన డిఫెన్స్‌కి అన్నిటికంటే పెద్ద సాయం అదేనని, డిఫెన్సూ ఈ గుద్దుడూ రెండు కాదు ఒకటేనని నాకు అప్పుడు వెలిగింది. (మన డిఫెన్స్ అనేశాను చూశారా, రెండు గంటల్లో పార్టీ మారిపోయాను.) నాలుగో క్వార్టర్లో ఒక దశలో 26-0. చివర్లో ఆరెగాన్ హడావుడిగా లేచి 26-20 దాకా తెచ్చింది గానీ టైము లేదు.

2001లో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్, ద్రావిడ్ రోజంతా ఔటవకుండా ఆడినప్పుడు సాయంత్రానికి ఆస్ట్రేలియా వాళ్ళ భుజాలు ఎలా వాలిపోయాయో గుర్తుందా? ఆ రాత్రి ఆరెగాన్ వాళ్ళని చూస్తే నాకు అదే గుర్తొచ్చింది.

ఆ తర్వాత నాకు పిచ్చి పట్టుకుంది. ఈ టీమ్ ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెనక్కి చదువుకుంటూ పోయాను. 2006లో స్టాన్‌ఫర్డ్ పన్నెండు ఆటలాడితే గెలిచింది ఒక్కటి. ఆ డిసెంబర్లో జిమ్ హార్బాని కోచ్‌గా తెచ్చారు. ఆయన దగ్గర ఉన్న చిక్కేమిటంటే, స్టాన్‌ఫర్డ్‌లో సీటు రావాలంటే ఆటగాడైనా సరే చదువు ఉండాలి. దేశంలో వాయువేగంతో పరిగెత్తే పిల్లల కోసం పెద్ద పెద్ద యూనివర్సిటీలు కొట్టుకుంటుంటే, వాళ్ళలో ఈ గేటు దాటి రాగలిగేవాళ్ళు బహుతక్కువ. కానీ బాగా చదివే భారీకాయులు దేశమంతా వెతికితే ఏడాదికి నలుగురైదుగురు దొరుకుతారు. లైన్‌మన్‌కి బుర్ర కావాలి కూడా, ఎదుటివాళ్ళు నిలబడిన తీరు చూసి ఎవణ్ణి ఎవరు పట్టుకోవాలో రెండు సెకన్లలో తేల్చుకోవాలి. అలాంటివాళ్ళని తెచ్చి మొదటి ఏడాది ఆడించకుండా తిండిపెట్టి, బరువులెత్తించి, రెండో ఏడో మూడో ఏడో బరిలోకి దింపడం. దొరకని సరుకు కోసం ఏడవకుండా దొరికే సరుకుతో వంట మొదలెట్టాడన్నమాట.

2007లోనే 41 పాయింట్ల తేడాతో ఓడిపోతారని పందేలు నడిచిన ఆటలో యూఎస్‌సీని 24-23తో ఓడించారు. 2009లో టోబీ గెర్హార్ట్ 1,871 గజాలు గుద్దుకుంటూ పోయి, హైస్మన్ ట్రోఫీని 28 ఓట్ పాయింట్ల తేడాతో పోగొట్టుకున్నాడు. 2010లో ఓవెన్ మరెసిక్ అనేవాడు ఇటు ఫుల్‌బ్యాక్‌గా, అటు డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్‌గా రెండువైపులా ఆడాడు. అప్పట్లో అలా ఆడేవాళ్ళు చాలా అరుదు. ఆ ఏడు 12 గెలుపులు, ఒక్క ఓటమి. నిజం చెప్పాలంటే ఆండ్రూ లక్ లాంటి క్వార్టర్‌బ్యాక్ ఉండడం కూడా కలిసొచ్చింది, మొత్తం పుణ్యమంతా లైన్‌మెన్‌కే కట్టబెడితే అన్యాయం. కానీ లక్ వెళ్ళిపోయాకే, డేవిడ్ షా కోచ్‌గా ఉండగా, 2012, 2013, 2015లలో పాక్-12 టైటిల్ గెలిచారు. ఒక్కోసారి ఏడెనిమిది మంది లైన్‌మెన్‌ని ఒకేసారి దింపేవాళ్ళు. ఆ లైన్ తనకి తాను పెట్టుకున్న పేరు 'సొరంగ కార్మికుల సంఘం'. శ్రీకాకుళం నుంచి వచ్చినవాణ్ణి, ఆ పేరు నాకు భలే నచ్చింది :)

వంశవృక్షం కూడా ఉంది దీనికి. ఒహాయో స్టేట్‌లో వుడీ హేస్ అని ఒకాయన 1951 నుంచి 1978 దాకా ఇదే ఆట ఆడించాడు. 'మూడు గజాలు, ఒక దుమ్ము మేఘం' అని దానికి పేరు. ఆయన దగ్గర పనిచేసిన బో షెంబెక్లర్ బద్ధశత్రువైన మిషిగన్‌కి కోచ్‌గా వెళ్ళాడు. ఆ మిషిగన్‌లో షెంబెక్లర్ కింద ఆడినవాడే హార్బా. "మా ఇంటి విత్తనమే, పక్కింట్లో మొలిచింది" అనేవాడు పెద్దాయన.

మా ఆవిడకి మాత్రం ఈ పిచ్చి నచ్చలేదు. మావాడు స్కూల్లో చేరతానంటే ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. 2017లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళు చనిపోయాక దానం చేసిన మెదళ్ళు పరీక్షిస్తే, ప్రొఫెషనల్ లీగ్‌లో ఆడినవాళ్ళవి 111 లో 110 మెదళ్ళలో సీటీఈ అనే జబ్బు ఆనవాళ్ళు కనిపించాయి. జబ్బుందని అనుమానమున్నవాళ్ళే ఎక్కువగా దానం చేస్తారు కాబట్టి అందరికీ అంతే అని కాదు. అయినా లైన్‌మన్ ప్రతి ఆటలోనూ తల తగిలించుకోవాల్సినవాడే. మన పిల్లాణ్ణి పంపం గానీ ఇంకొకరి పిల్లాణ్ణి చూస్తూ చప్పట్లు కొడతాం. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

ఆరెగాన్ ఆట అయిన ఎనిమిది వారాలకి, 2014 జనవరి 1న రోజ్ బౌల్. ఎదురుగా మిషిగన్ స్టేట్, వాళ్ళదీ డిఫెన్స్ టీమే. 24-20తో వెనకబడి ఉన్నారు, రెండు నిమిషాలు కూడా లేవు. నాలుగో ప్రయత్నం, ఒక్క గజం కావాలి. పాస్ వెయ్యొచ్చు. స్టాన్‌ఫర్డ్ ఏం చేసిందో చెప్పక్కర్లేదు కదా. లావుపాటి వాళ్ళందర్నీ దింపి, ఫుల్‌బ్యాక్‌కి బంతిచ్చి మధ్యలోకి పంపింది. ఒక లైన్‌బ్యాకర్ గుంపు పైనుంచి ఎగిరి దూకాడు, అయిపోయింది. మర్నాడు అందరూ షాని తిట్టారు. పెద్దాయన మాత్రం, "దాంతోనే అక్కడిదాకా వచ్చారు, ఆ గజం కోసం ఇంకొకరిలా మారమంటే ఎలా" అన్నాడు. నాకు ఇప్పటికీ పాసే వెయ్యాల్సిందనిపిస్తుంది.

ఆ ఏడే నాకు ఒక చిన్న టీమ్ అప్పగించారు. పేమెంట్ల లెక్కలు సరిచూసే సిస్టమ్. వారానికోసారైనా రాత్రి రెండింటికి పేజర్ మోగేది. నేను హార్బా వేషం వేశాను. రెండు క్వార్టర్లు కొత్త ఫీచర్లు లేవన్నాను. టెస్టులు, రిలీజు పద్ధతి, రాత్రి నడిచే జాబులు ఫెయిలైతే వాటంతటవే మళ్ళీ మొదలయ్యే ఏర్పాటు, ఇవే. సీనియర్లెవరూ ఈ పనికి రారు కాబట్టి కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన ఇద్దరిని తీసుకున్నాను. అందులో ఒక వరంగల్ కుర్రాడు. మొదటి ఏడాది వాడి చేత పాత కోడ్ చదివించడమే సరిపోయింది. మూడో ఏడాదికి పేజర్ మోగితే నాకంటే ముందు వాడికి కారణం తెలిసేది. తర్వాత తర్వాత మోగడమే మానేసింది.

స్టాన్‌ఫర్డ్ ఈలోగా జారింది. 2021లో ఆటగాళ్ళు ఏడాది ఖాళీగా కూర్చోకుండానే కాలేజీ మారొచ్చన్నారు, పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. పిల్లలకి న్యాయమే, ఇన్నేళ్ళూ వాళ్ళ చెమట మీద అందరూ సంపాదించారు. కానీ మూడేళ్ళు పెంచి నాలుగో ఏడు ఆడించే పద్ధతికి అది గొడ్డలిపెట్టు. పెంచినవాడు వెళ్ళిపోతాడు, బయటివాణ్ణి తెచ్చుకుందామంటే అడ్మిషన్ గేటు అడ్డం. అంతకు ముందే లైన్ పలచబడిందన్నదీ నిజమే. 2021లో మూడు గెలుపులు, 2022లో మూడు. ఆ స్కూల్ చరిత్రలో అందరికంటే ఎక్కువగా 96 ఆటలు గెలిచిన షా, 2022 నవంబర్లో ఆఖరి ఆట ఓడిన రాత్రే రాజీనామా చేశాడు.

ఆ చలికాలమే మా కంపెనీలోనూ కోతలొచ్చాయి. నా టీమ్ నుంచి ఇద్దరి పేర్లు అడిగారు. ప్రతి పేరు పక్కనా గత రెండేళ్ళలో ఏం లాంచ్ చేశారో రాయాలి. వరంగల్ కుర్రాడి పేరు పక్కన రాయడానికి నాకు ఒక్క లాంచ్ కూడా దొరకలేదు. పేజర్ మోగలేదు అని రాశాను. దానికి మార్కులు లేవన్నారు. గట్టిగా పోట్లాడానా అంటే, లేదు. నా వీసా, నా ఇంటి లోను, అన్నీ గుర్తొచ్చాయి. లిస్టు మీద సంతకం నాదే. వాడికి అరవై రోజులు టైము. యాభయ్యో రోజున సియాటిల్లో దొరికింది. వెళ్ళేముందు భోజనానికి పిలిస్తే వచ్చాడు, మా ఆవిడ వండిన గోంగూర రెండుసార్లు వేయించుకున్నాడు, ఆ విషయం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

2023లో హార్బా మిషిగన్‌లో మళ్ళీ అదే ఆట ఆడించాడు. నవంబర్లో పెన్ స్టేట్ మీద ఆయన సస్పెన్షన్‌లో ఉన్నా సరే, టీమ్ వరసగా 32 సార్లు పాస్ లెక్కలోకి రాకుండా గుద్దుకుంటూనే పోయి 24-15తో గెలిచింది. 2024 జనవరి 8న ఫైనల్లో వాషింగ్టన్ మీద 303 గజాలు పరిగెత్తి 34-13తో నెగ్గారు. ఈ పద్ధతికి కాలం చెల్లిందని రాసినవాళ్ళందరూ ఆ రాత్రి ఏం తిన్నారో.

ఆట అయ్యాక పెద్దాయనకి ఫోన్ చేశాను. రిటైరై ఒహాయో వెళ్ళిపోయాడు. మిషిగన్ గెలిచిన రాత్రి ఒహాయోకి ఫోన్ చెయ్యడం చావింటికి వెళ్ళడం లాంటిదే. కాసేపు తిట్టాడు.

"వాళ్ళ సెంటర్‌ని చూశావా?" అన్నాడు చివరికి.

చూశాను. డ్రేక్ నూజెంట్. అంతకు ముందు ఏడాది దాకా స్టాన్‌ఫర్డ్ లైన్‌లో ఉన్నవాడే.

"మంచి సెంటర్" అన్నాడు. "ఎలా వదులుకున్నారో."

నేను వరంగల్ కుర్రాడి సంగతి ఆయనకి అప్పటిదాకా చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాను.