అమెరికా దాకా ఎందుకప్పా, గౌరీబిదనూరు ఉందిగా!

ఎర్రమంచి అంటే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది కియానే. 2019లో సెల్టోస్ ఇక్కడి నుంచే రోడ్డెక్కింది. మా మేనల్లుడిదీ ఈ ఊరే, బీఎస్సీ ఫిజిక్స్ చదువుతున్నాడు. సూర్యుడి మీద రీసెర్చ్ చేస్తానంటే మా బావ ఒక్క మాటలో తేల్చేశాడు: "దానికి అమెరికా పోవల్ల. మనకయ్యే పనేనా అప్పా?"

అందుకే ఓ ఆదివారం వాణ్ని బండెక్కించుకున్నా. హిందూపురం మీదుగా కర్ణాటక బోర్డర్ దాటితే గౌరీబిదనూరు. పొద్దున పోతే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

అక్కడ పెద్ద గుమ్మటం, అద్దాల టెలిస్కోపు ఊహించుకుంటే పొరపాటే. పొలంలాంటి నేల మీద వరసగా యాంటెన్నాలు! బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 1976 నుంచి ఇక్కడ టెలిస్కోపు నడిపాయి. ఇంగ్లిష్ 'టీ' ఆకారంలో వెయ్యి డైపోల్ యాంటెన్నాలు, ఒక చేయి పొడవే 1.4 కిలోమీటర్లు. సూర్యుడి కోసం ప్రత్యేకంగా కట్టిన రేడియోహీలియోగ్రాఫ్ 1997 నుంచి పనిచేస్తోంది.

ఇక్కడ సూర్యుణ్ణి చూడరు, వింటారు. మబ్బు పట్టినా పని ఆగదు. సూర్యుడి మీద పేలుడు జరిగి వేడి ప్లాస్మా ఎగజిమ్మితే దాన్ని కరోనల్ మాస్ ఎజెక్షన్ అంటారు. దాని ముందు పుట్టే షాక్ తరంగం పైకి పోయేకొద్దీ ప్లాస్మా పలచబడుతుంది, రేడియో ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. ఎంత త్వరగా పడిందో చూసి పేలుడు వేగం లెక్కేస్తారు. రేడియో సిగ్నల్ మనకు ఎనిమిది నిమిషాల్లో చేరుతుంది. ప్లాస్మా రావడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఆ మధ్య సమయమే మనకు దొరికే హెచ్చరిక. లేకపోతే శాటిలైట్లు, కరెంటు గ్రిడ్లు, మీ ఫోన్‌లోని జీపీఎస్ కూడా దెబ్బతినొచ్చు. 2024 మే నెలలో వచ్చిన సౌర తుఫానుకు లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది, గుర్తుందా?

ఆదిత్య ఎల్‌1లోని ముఖ్య పరికరం వెల్క్‌ను తయారుచేసిందీ ఈ ఆస్ట్రోఫిజిక్స్ సంస్థే. ఫిజిక్స్ పీజీ చేసి జెస్ట్ లాంటి పరీక్ష రాస్తే పీహెచ్‌డీకి దారి ఉంది, స్టైపెండ్ కూడా ఇస్తారు. యాంటెన్నాలు, రిసీవర్లు తెలిసిన ఎలక్ట్రానిక్స్ వాళ్లకూ ఇక్కడ పనుంది.

తిరుగు దారిలో హిందూపురంలో టీ తాగుతూ అడిగా, "మీ నాయనకు ఏం చెప్తావ్‌రా?"

"గౌరీబిదనూరు అమెరికాలో లేదని చెప్తా మామా!"