నీళ్ళు కాగునంతసేపు

తిరుత్తణి కొండకు 365 మెట్లు గలవు. సంవత్సరమునందలి దినమున కొక్కటి చొప్పున నవి యున్నవని పెద్దలు చెప్పుదురు. మాది క్రైస్తవ కుటుంబ మగుటచే మేము వానిని మ్రొక్కుబడికై యెక్కలేదు. అయినను భక్తి మెట్టు మెట్టుగా సాగవలసిన దని వానిని చూచియే నేర్చుకొంటిమి.

మా మెట్లు నలువది. భస్మ బుధవారము మొదలు ఈస్టరు వరకు గల దినములలో ఆరు ఆదివారములను విడిచి లెక్కించిన 40 దినములగును. యేసుప్రభువు అరణ్యమున ఉపవసించిన నలువది దినములను స్మరించుచు వీనిని శ్రమదినములుగా ఆచరింతుము.

పరీక్షలును ఈ కాలముననే వచ్చును. ఒక యేడు దినమున కొక గంట మౌనముగా ప్రార్థింతుమని ప్రతిజ్ఞ చేసితిమి. నాల్గవనాటికే యది భగ్నమయ్యెను. నాయన వేకువనే తిరువళ్ళూరు మీదుగా చెన్నై పోవు రైలు నందుకొనవలెను. మాకు పాఠములు. సాయంకాలము ఇరుగుపొరుగు ఇండ్ల టెలివిజను మ్రోత. తీరిక లేదని అవ్వతో మొరపెట్టుకొంటిమి.

అవ్వ మందలింపలేదు. "తీరిక ఎవరికి దొరుకుతుంది నాయనా? పొయ్యిమీద నీళ్ళు కాగేంతసేపు ఊరకే కూర్చోండి, చాలు" అనెను. తా నేండ్ల తరబడి చేయుచున్న దదియే యని అప్పుడు తెలిసినది.

మరునాటినుండి అటులే కూర్చుంటిమి. మొదట లెక్కలును, కలహములును మనస్సున మెదలెను. కొన్ని దినములకు మరచిన యొక తప్పు జ్ఞప్తికి వచ్చినది. మా తమ్ముడు తమిళ మాధ్యమమున చదువుచున్నాడు. కుటుంబ ప్రార్థనలో వాడు తెలుగు బైబిలును తడబడుచు చదువగా మేము నవ్వితిమి. నాటినుండి వాడు పుస్తకము ముట్టలేదు. ఆ సంగతి మౌనమున కూర్చుండువరకు మాకు తట్టనే లేదు.

ఆ రాత్రి వానిని క్షమాపణ వేడితిమి. వాడేమియు పలుకలేదు. రెండు దినములు గడచిన పిమ్మట తానే పుస్తకము తెరచి ఒక్క వచనము చదివెను. అక్షర మక్షరము కూడబలుకుచుండగా మేము వేచియుంటిమి. అవ్వ కన్నులు మూసికొని వినెను.

1960 ఏప్రిలు 1వ తేదీన తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరినది. బడిలో, బజారులో భాష మారినను అవ్వ ప్రార్థించు భాష మారలేదు. అది తమ్మునికిని అందవలెనన్న, వాడు చదువునప్పుడు నవ్వక వినువారుండవలెను.

సోదర విద్యార్థులారా, తలిదండ్రులారా! మీ రే మతమువారైనను, దినమున నీళ్ళు కాగునంతసేపు మౌనముగా కూర్చుండి చూడుడు. ఎవరిని నొప్పించితిమో ఆ మౌనమే చెప్పును.