దరఖాస్తు లేని చదువు

మూడో తరగతి కొడుకును బడి మాన్పించి ఇంట్లోనే చదివించాలని అనుకున్నాక విజయవాడకు చెందిన ఆ దంపతులు మొదట వెదికింది దరఖాస్తు ఫారం కోసం. అది దొరకలేదు. ఇంటి చదువుకు అనుమతినిచ్చే అధికారి గానీ, నమోదు చేసే పద్ధతి గానీ విద్యాహక్కు చట్టంలో లేవు మరి.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఆ చట్టం పదో సెక్షన్ చెప్పేది ఒక్కటే: 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి. ఆ విధి తప్పితే శిక్షేమిటో చెప్పలేదు. నేరమూ కాదు, అలాగని హక్కూ కాదు. ఆ సందులోనే దేశంలోని ఇంటి చదువులన్నీ సాగుతున్నాయి. 2012లో ఢిల్లీ హైకోర్టులో ఇంటి చదువుకు అభ్యంతరం లేదన్న కేంద్రం ఆ తర్వాత మాట మార్చింది. ప్రభుత్వాలకే స్పష్టత లేని చోట తల్లిదండ్రులు గుండె దిటవు చేసుకోవాల్సిందే.

భర్తది ప్రభుత్వోద్యోగం. నోటీసు వస్తే ఎలాగన్నది ఆయన బెంగ. అత్తగారిది మరో బెంగ: "ఎవరైనా అడిగితే మనవడు ఏ బడికెళ్తున్నాడని చెప్పనమ్మా?" ఆదివారం సాయంత్రమయ్యేసరికి పిల్లవాడికి పట్టుకునే కడుపునొప్పి మాత్రం ముగ్గురికీ తెలుసు. డాక్టరు ఏమీ లేదన్నారు.

టీసీ, ప్రోగ్రెస్ కార్డులు, మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం ఒక ఫైల్లో చేరాయి. టీసీ చేతికొస్తే పిల్లవాడు 'బడి బయటి పిల్లల' లెక్కలోకి పోవచ్చు. ఆ మాట చిన్నదేమీ కాదు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికులేనన్న వాదనతో రంగారెడ్డి జిల్లాలో వేలమందిని పొలాల నుంచి బడికి మళ్లించింది శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం.వి. ఫౌండేషన్. చట్టం కన్నేసింది పత్తి చేలలోని పిల్లలపైన, పుస్తకాల బీరువా ఉన్న ఇంటిపైన కాదు. అయితే చదువుకున్న వారికి మినహాయింపు రాసిస్తే, దాన్ని వాడుకునేది వారొక్కరే కారన్న భయమూ కొట్టిపారేయదగింది కాదు.

పరీక్షల సంగతి కాస్త నయం. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ నడిపే ప్రాథమిక స్థాయి కోర్సులు 3, 5, 8 తరగతులకు సమానం. 14 ఏళ్లు నిండితే అక్కడే పదో తరగతి రాయొచ్చు. "రేపు డాక్టరు చదవాలంటే?" అన్నారు తాతగారు. ఓపెన్ స్కూలు విద్యార్థులను నీట్‌కు దూరంపెట్టిన నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2018లోనే కొట్టేసింది.

కొత్త చిక్కు ఎదురింటి నుంచి వచ్చింది. "మా ఇద్దర్నీ కూర్చోబెట్టుకో వదినా, ఫీజు ఇస్తాం" అని అడిగిందావిడ. నలుగురు పిల్లల్ని పోగేసి రోజంతా చదువు చెబితే అది గుర్తింపు లేని బడి అనిపించుకునే ప్రమాదముంది. దానికి మాత్రం చట్టంలో శిక్ష రాసి ఉంది: లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా నడిపితే రోజుకు 10,000. వదిన సున్నితంగా తప్పుకుంది.

భర్తకు ధైర్యం చెప్పింది నాలుగో సెక్షన్. బడిలో లేని పిల్లవాడు ఎప్పుడు తిరిగొచ్చినా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలట. ఆ పేజీని జిరాక్స్ తీయించి ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టారాయన.