తెల్ల పొగ, నీలి పొగ

26 మే 2024, ఆదివారం

రేపు మెమోరియల్ డే సెలవు. పొద్దుటి నుంచీ వీధిలో ఎవరి పెరట్లో చూసినా పొగే. చంటి ఆగస్టులో కాలేజీకి లబ్బక్ వెళ్ళిపోతాడు. డార్మ్ కాదు, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళతో కలిసి అపార్ట్‌మెంట్. ఏం వండుకు తింటావురా అంటే "ఎయిర్ ఫ్రయర్ ఉందిగా అమ్మా" అంటాడు. ఎయిర్ ఫ్రయర్‌లో పప్పు ఉడకదు నాయనా.

పప్పుతో మొదలెడితే వీడు వంటింటి గుమ్మం కూడా తొక్కడు. అందుకని గ్యారేజీలో మూల పడున్న బొగ్గు పొయ్యి, వెబర్ కెటిల్, బయటికి తీయించాను. కోడి తొడలకి పొగ పెట్టటంతో మొదలు. తొడలే ఎందుకంటే అవి కొత్తవాడి చేతిని ఓర్చుకుంటాయి. బ్రెస్ట్ పీసు 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి కాస్త పైకి పోయిందంటే పీచే. తొడలో కొల్లాజెన్ ఎక్కువ, అది కరగాలంటే 175, 180 దాకా వెళ్ళాల్సిందే. 165 అనేది తింటే భయం లేదని అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క. రుచి సంగతి దానికి పట్టదు.

ఉప్పు ఇవాళే పట్టించాం, పౌను మాంసానికి ముప్పావు టీస్పూను మెత్తటి ఉప్పు. కూరలో అయితే దించేటప్పుడు కూడా చిటికెడు వేసి సర్దుకోవచ్చు. పులుసు ఎన్ని తప్పులనైనా దాచిపెడుతుంది. దీనికా వెసులుబాటు లేదు, రేపటి ఉప్పు ఇవాళే తేల్చుకోవాలి. పళ్ళెంలో చర్మం పైకి ఉండేట్టు పేర్చి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లోకి తోశాను. "మూతెయ్యకుండానా? తోలు కూడా తియ్యలేదేం?" అని అత్తయ్య. తోలు ఆరాలత్తయ్యా, తడిగా ఉంటే పొగలో రబ్బరు ముక్కలా సాగుతుంది.

27 మే, సోమవారం

బొగ్గులన్నీ ఒక పక్కకి, తొడలు రెండో పక్కకి. నిప్పు మీద నేరుగా ఒక్క ముక్క కూడా లేదు. మూత మీది కంత తొడల వైపుకి తిప్పితే పొగ వాటి మీదుగానే బయటికి పోవాలి. కింద కంత సగం తెరిచాం. లోపల వేడి 300 దగ్గర నిలబడాలి. 225లో పెట్టమని చెప్పేవాళ్ళున్నారు గానీ అది బ్రిస్కెట్‌కి సరే, తోలున్న కోడికి పనికిరాదు.

బొగ్గుల మీద మెస్కీట్ చెక్క ఒకటి పెట్టగానే గుప్పుమని తెల్లటి పొగ, గుబురుగా, పాలు పొంగినట్టు. చంటి వెంటనే తొడలు పెట్టబోయాడు. ఇంట్లోంచి చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చిన అత్తయ్య ఆపేసింది. "ఇప్పుడు పెట్టమాకు రా. కట్టె ఇంకా అంటుకోలా. ఈ పొగ తగిలితే కూర చేదెక్కుద్ది." ఆవిడ చెప్పినట్టే నిలబడ్డాం. తెలుపు పలచబడి, పలచబడి, మూత కంత దగ్గర కళ్ళు చిట్లించి చూస్తే తప్ప కనపడని లేత నీలం తీగ ఒకటి మిగిలింది. "ఆఁ, ఇప్పుడు పెట్టు." చంటి ఫోన్లో వీడియో వాడు సరిగ్గా ఇదే మాట చెప్పటానికి పావుగంట తీసుకున్నాడు.

ఆ తర్వాత చెక్కల సంచీ మీద ధర చూసిందావిడ. "పొగ వదిలించుకోటానికి మేం గ్యాసు తెచ్చుకుంటే, మీరు డబ్బులు పోసి పొగ కొనుక్కుంటున్నారు."

28 మే, మంగళవారం

తెల్లవారుఝామున గాలివాన. డాలస్ చుట్టుపక్కల లక్షల ఇళ్ళకి కరెంటు లేదట. మాకూ పోయింది. ఫ్రిజ్ తలుపు తెరవకపోతే నాలుగు గంటల దాకా లోపలి వండిన వంటలకి ఢోకా లేదు, నిండుగా ఉన్న ఫ్రీజర్ అయితే రెండు రోజులు ఆగుతుంది. చంటికి ఇదీ పాఠమే. సాయంత్రానికి గానీ కరెంటు రాలేదు, మిగిలిన తొడలు పారేశాం. అత్తయ్య మొహం ముడుచుకుంది, వాసన బాగానే ఉందిగా అని. వాసన చెప్పని జబ్బులున్నాయి.

మధ్యాహ్నం ఆవిడే కెటిల్‌లో చితుకులు పేర్చి కాఫీ కాచింది. పుల్ల పుల్లకీ మధ్య గాలి ఆడేట్టు పేర్చటం చూసి తీరాలి. అగ్గిపుల్ల ఒక్కటే.

పక్కింటి పెకాన్ చెట్టు కొమ్మ విరిగి మా కంచె మీద పడింది. పెకాన్ పొగ కోడికి బ్రహ్మాండంగా ఉంటుందని చంటి సంబరపడిపోయాడు. పచ్చి కట్టె కనీసం ఆరు నెలలు ఆరనీ. కోసి గ్యారేజీ వెనక పేర్పించాను.

4 జూన్, మంగళవారం

ఆంధ్రా కౌంటింగ్. రాత్రంతా టీవీ ముందే ఉంది అత్తయ్య. పొద్దున నేను లేచేసరికి కూటమి గెలిచేసింది. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారుగా, ఇస్తారంటావా అని నన్నడిగింది. 1999లో దీపం పథకం కింద వాళ్ళ వీధిలో ఎవరెవరికి గ్యాసు వచ్చిందో ఇంటి వరసనా చెప్పింది. అంతకు ముందు వర్షాకాలంలో తడి కట్టెలతో గొట్టం ఊదీ ఊదీ, అన్నం వార్చేసరికి కళ్ళు చింతనిప్పులయ్యేవట. ఇవాళ చంటికి నేర్పిందేమీ లేదు.

9 జూన్, ఆదివారం

కోడి కడగటం మీద తగాదా. అత్తయ్యకి పసుపూ ఉప్పూ వేసి మూడు నీళ్ళలో కడగందే మాంసం మాంసం కాదు. ఒంగోలులో కళ్ళముందు కోయించుకుని ఈకలూ నెత్తురుతో తెచ్చుకునే కోడికి అది కావాలి. ఇక్కడ ప్యాకెట్లో వచ్చేది కడిగే వచ్చింది. కుళాయి కింద పెడితే ఆ చుక్కలు సింకు చుట్టూ, పక్కనున్న కొత్తిమీర మీదా చిందటమే లాభం. సూక్ష్మజీవుల్ని చంపేది వేడి, నీళ్ళు కాదు. కాగితపు తువ్వాలుతో అద్ది వదిలెయ్యమన్నాను. అత్తయ్య ఇవాళ కోడి ముట్టలేదు, పెరుగన్నం తింది. ఆవిడ పట్టుదల ఆవిడది, నా వంటింటి పద్ధతి నాది.

పైన చల్లిన పొడి: మిరియాలు, వేయించిన ధనియాలు, గుంటూరు కారం కొంచెం. అల్లం వెల్లుల్లి ముద్ద వద్దన్నాను, తడి ముద్ద తోలుని మెత్తబరుస్తుంది, పైగా మాడుతుంది. పంచదార కూడా ఇంత వేడికి నల్లబడుతుంది.

23 జూన్, ఆదివారం

కత్తి, ఉల్లిపాయ, అన్నం. మొద్దు కత్తే వేళ్ళు కోస్తుంది, పదునుది చెప్పినట్టు వింటుంది. చంటి ఇంకా వేళ్ళ కొసలు మడవడు. సోనా మసూరి గ్లాసుకి రెండు గ్లాసులు నీళ్ళు, పొయ్యి కట్టేశాక పది నిమిషాలు మూత ముట్టుకోకూడదు. ఈ ఒక్క ఓర్పు అలవడితే పొగ దగ్గరా పనికొస్తుంది. అక్కడ మూత తెరిచిన ప్రతిసారీ వేడి దిగిపోయి, గాలి తగిలి బొగ్గు రేగుతుంది.

సాయంత్రం మెస్కీట్ గురించి చదువుతూ కూర్చున్నాను. లబ్బక్ వైపు మైళ్ళకు మైళ్ళు అదేనట. అది మన సర్కారు తుమ్మకి స్వయానా దాయాది! అమెరికా ఖండపు చెట్టునే 1870లలో గింజలు తెప్పించి కడప జిల్లాలో నాటారు. ఇప్పుడు ఒంగోలు, కందుకూరు దారుల్లో ఎక్కడ చూసినా ముళ్ళు, బొగ్గు బట్టీలు. అత్తయ్యకి సంచీలో ముక్క చేతికిచ్చాను. గోటితో గీకి, వాసన చూసి, "ఇది మండితే నిప్పు గట్టిది. పొగ మాత్రం ఘాటు, కాస్తే వెయ్యి" అంది. టెక్సాస్ వాళ్ళు కూడా మెస్కీట్ గురించి అదే అంటారు, గంటల తరబడి ఉడికే మాంసానికి ఓక్ వాడతారు.

7 జూలై, ఆదివారం

తెలిసినవాళ్ళ ఇంట్లో పార్టీ. పెరట్లో పెద్ద స్మోకర్, దాని చుట్టూ చేతుల్లో సీసాలతో మగవాళ్ళందరూ. పెల్లెట్లు వాటంతటవే పడతాయి, వేడి ఫోన్లో కనిపిస్తుంది, అయినా మనిషి అక్కడే నిలబడాలట. లోపల ఉల్లిపాయలు, పెరుగు పచ్చడి, పిల్లల ప్లేట్లు ఆడవాళ్ళవి. పొయ్యి వంటింట్లో పొగ చిమ్మినన్నాళ్ళూ ఆడదాని పని. పెరట్లోకి నడిచాక మగవాడి కళ అయింది. కారులో ఈ మాటంటే మా ఆయన రేడియో పెట్టారు.

వడ్డించిన ట్రేలు ఎండలో అలాగే ఉన్నాయి. 90 డిగ్రీలు దాటిన ఎండలో గంటకి మించి మాంసం బయట ఉండకూడదు. చంటే లేచి ట్రేలు లోపల పెట్టాడు. ఎవరూ చెప్పలేదు వాడికి.

28 జూలై, ఆదివారం

వచ్చే ఆదివారం అమావాస్య, మర్నాటి నుంచి శ్రావణం. ఇక నెల్లాళ్ళు నీసు లేదు. ఇవాళ అంతా చంటే చేశాడు, నేను కుర్చీ వేసుకు కూర్చున్నా. ముందు థర్మామీటరు ఐసు నీళ్ళలో ముంచి 32 చూపిస్తోందో లేదో చూసుకున్నాడు. తొడలో గుచ్చేటప్పుడు ఎముకకి తగలకుండా పక్కకి జరిపాడు. 178. కోసి చూస్తే ఎముక దగ్గర గులాబీ రంగు. కంగారుపడి మళ్ళీ పెట్టబోతే వద్దన్నాను. ఎముక దగ్గరి మాంసం ఉడికినా ఒక్కోసారి ఆ రంగు పోదు, అంకెని నమ్ము.

అత్తయ్య తింది! తోలు కరకరలాడుతోందని ఇంకోటి వేయించుకుంది. "ఇంట్లో పెళ్ళికి ఎండు కట్టెల మీద వండిన కోడి ఈ వాసనే వచ్చేది" అంది. కట్టెల పొయ్యి గురించి ఆవిడ నోట ఓ మంచిమాట వచ్చింది. మళ్ళీ తనే, "రోజూ అయితే నా వల్ల కాదమ్మాయ్" అంది.

బూడిద గులాబీ మొక్కలకి వేస్తానని ఆవిడ అంటే ఆపాను. మా ప్లేనో నల్లమట్టి అసలే క్షారం, బూడిద వేస్తే ఆ క్షారం ఇంకా పెరుగుతుంది.

11 ఆగస్టు, ఆదివారం

శ్రావణంలో కెటిల్ ఖాళీగా ఎందుకుండాలి అని వంకాయలు పెట్టాం, టమాటాలు, పచ్చిమిర్చి కూడా. చంటి తొక్క ఒలిచి, రోట్లో నూరి, ఇంగువ పోపు పెట్టాడు. ఆవాలు చిటపటమనేదాకా ఆగాడు.

లబ్బక్ అపార్ట్‌మెంట్ అగ్రిమెంట్‌లో బాల్కనీ మీద బొగ్గు పొయ్యి పనికిరాదని రాసుంది. మంచిదే, చెక్క బాల్కనీలు అవి. అక్కడ ఇనప పెనం ఉంటే చాలు. పెనం చల్లగా ఉండగానే తొడలు తోలు కిందికి పెట్టి సన్న సెగ మీద ఉంచితే దాని కొవ్వులోనే అది వేగుతుంది, చివర్లో తిప్పి ఓవెన్‌లోకి తోస్తే సరి. థర్మామీటరు, కత్తి, చిన్న కుక్కరు, కారం డబ్బా సర్దేశాను. మా అమ్మ పెనం కూడా తీసుకెళ్తానంటున్నాడు వాడు. అది ఇవ్వను. లబ్బక్‌లో వాల్‌మార్ట్ ఉంది, లాడ్జ్ పెనాలు అక్కడా దొరుకుతాయి.